ట్రే పట్టుకున్న చెయ్యి

గంగాధర్ ఫోన్ ఇప్పుడు వాళ్ళ నాన్న పల్లంరాజు దగ్గర ఉంటోంది. కిందటి వేసవిలో రొయ్యల చెరువులో ఆగిపోయిన, నీళ్ళు చిలికి గాలి అందించే ఏరేటర్ సరిచేయబోయి, నీళ్ళలో కరెంటు తగిలి గంగాధర్ పోయాడు. ఫోన్ గట్టు మీద విప్పిన చొక్కా జేబులో ఉండబట్టి మిగిలింది.

పల్లంరాజుది చేపల వేటకు వెళ్ళే కుటుంబం. అంతర్వేది వైపు ఏట్లో చేప తగ్గాక కొడుకుతోపాటు చెరువు కాపలాకి కుదిరాడు. కొడుకు పోయినా ఆ చెరువు వదల్లేదు. వేరే పని రాదు. గట్టు మీది పాకలో ఆయన, భార్య లోవలక్ష్మి ఉంటారు. కొడుకు మాట ఇద్దరూ ఎత్తరు. తాను ఎత్తితే రెండోవాళ్ళు తట్టుకోలేరని ఇద్దరికీ భయం.

వానలు పడ్డాక ఒకరోజు మేత బస్తా మోస్తూ ఆయన కూలబడ్డాడు. ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సు హారతి వాళ్ళకి వరసకి కూతురవుతుంది. వచ్చి చూసి, బీపీ బాగా ఎక్కువైందంది. నిద్ర పడుతోందా అని అడిగింది. లేదన్నాడు.

"మాత్రలొక్కటే చాలవు బాబాయ్. ఇలాగే ఉంటే కాలో చెయ్యో పడిపోద్ది. ఫోన్‌లో ధ్యానం నేర్పే యాప్ ఉంది. ఫ్రీయే. కళ్ళు మూసుకుని అందులో మాట్లాడే ఆవిడ చెప్పినట్టు ఊపిరి తీసుకోవడమే."

"ఇన్నాళ్ళూ ఉత్తినే కూర్చుంటే సోమరోడనేవోరు," అంది లోవలక్ష్మి. "ఇప్పుడది మందయ్యిందా?"

అలా అన్నదే గాని, ఫోన్ వెతికి తెచ్చి హారతి చేతిలో పెట్టింది. కొడుకు పోయిన ఇంట్లో మొగుడు కూడా పడిపోతే ఆవిడకింకెవరూ లేరు.

పల్లంరాజు మేత వేళయిందని చెరువు దగ్గరకి వెళ్ళాడు. యాప్ ఎక్కలేదు. ఫోన్‌లో చోటు లేదనీ, ఏవైనా తీసేయాలనీ హారతి చెప్పింది. లోవలక్ష్మి మొహం చూసి, మళ్ళీ తనే అంది:

"తమ్ముడి ఫోటోలు ముట్టుకోను పిన్నీ. ఈ రొయ్యలవి తీసేస్తాను. ఫోన్ నిండా రొయ్యలే. వలేస్తే బుట్టెడు పడతాయి."

లోవలక్ష్మికి చాన్నాళ్ళ తర్వాత నవ్వొచ్చింది. తీసెయ్యమంది.

అవి చెక్ ట్రే ఫోటోలు. మేత వేసిన కొంతసేపటికి, నీళ్ళలో దించిన వల ట్రే పైకి లాగి చూస్తారు. మేత మిగిలిందా, రొయ్య చురుగ్గా ఉందా అన్నది అందులో తెలుస్తుంది. చెరువు రైతు ఊళ్ళో ఉండడు. అందుకని గంగాధర్ గట్టు నుంచి నీళ్ళ మీదకి వేసిన బల్ల చివర నిలబడి, ఎడమచేత్తో ట్రే పట్టుకుని, కుడిచేత్తో ఫోటో తీసి ఆయనకి పంపేవాడు. అన్నీ ఒకేలా ఉంటాయి. హారతి వాటినన్నిటినీ తీసేసింది. తీసేసినవి ఫోన్‌లోని చెత్తబుట్టలో ఉండి చోటు తింటాయని, ఆ బుట్ట కూడా ఖాళీ చేసింది. యాప్ ఎక్కింది.

సాయంత్రం పల్లంరాజు ఫోన్ తీశాడు. చాలాసేపు ఫోటోలు పైకీ కిందకీ జరిపాడు.

"ఏంటండీ వెతుకుతున్నారు?" అని అడిగింది భార్య.

ఏం లేదన్నాడు. లేచి వెళ్ళి బల్ల చివర నిలబడ్డాడు.

మిగతా ఫోటోల్లో కొడుకు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, స్నేహితుడి బండి మీద కూర్చుని, ఎవరో హీరోలా ఉంటాడు. ఆ పిల్లాణ్ణి ఆయన ఎరగడు. ట్రే ఫోటోల్లో మాత్రం ఒక మూల వాడి చెయ్యి ఉండేది. చెరువులో రొయ్యపిల్ల వదిలిన కొత్తలో స్పానర్ జారి ఆ చేతి బొటనవేలు నలిగింది. గోరు మొదట్లో నల్లగా రక్తం గడ్డకట్టింది. రొయ్య పెరిగినకొద్దీ ఆ నలుపు కూడా ఫోటో ఫోటోకీ పైకి జరిగేది, కింద నుంచి తెల్ల గోరు వచ్చేది. పల్లంరాజు నిద్ర పట్టనప్పుడల్లా వాటిని వరసగా చూసుకునేవాడు. చూస్తున్నంతసేపూ వాడు పెరుగుతున్నట్టే ఉండేది.

ఎవరినీ ఏమీ అనలేదు. రొయ్యల ఫోటోలకి ఏడిస్తే నవ్వుతారు. పైగా వాళ్ళు చేసింది ఆయన బతకాలనే.

ధ్యానానికి కూర్చున్నాడు. ఫోన్‌లో ఆవిడ మెత్తగా, ఆగి ఆగి మాట్లాడేది. భుజాలు వదలమంటే వదిలేవాడు. ఊపిరి చూడమంటే మాత్రం ఊపిరి చూసేవాడు కాదు. కళ్ళు మూసుకుని ట్రేలు ఒక్కొక్కటే పైకి లాగేవాడు. మొదటి ట్రేలో గోరు మొదట్లో నలుపు. తర్వాతి ట్రేలో కాస్త పైకి. అలా లాగుతూ లాగుతూ కునికేవాడు. రాన్రాను నిద్ర పట్టసాగింది. హారతి మళ్ళీ బీపీ చూసి తగ్గిందని సంబరపడింది.

"చూశావా బాబాయ్, నా మందు."

"పనిచేసిందమ్మా," అన్నాడు.

నిద్ర పట్టేకొద్దీ ట్రేలు మసకబారాయి. మధ్యవి కొన్ని జారిపోయాయి. ఒకరోజు పొద్దువాలే వేళ కూర్చుంటే చివరి ట్రే ఎంత లాగినా పైకి రాలేదు. ఆ నలుపు కొస దాటి పోయిందో, ఇంకా ఉందో గుర్తు లేదు. ఫోన్‌లో ఆవిడ వేళ్ళ చివరలు గమనించమంటోంది.

లోవలక్ష్మి గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. ఆయన కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"వాడి బొటనవేలు నలిగింది కదే. ఆ గోరు నలుపు పోయిందా, ఉందా?"

చేపలు తోమే చప్పుడు ఆగింది. ఎవరి గోరని ఆవిడ అడగలేదు.

"పోలేదండి," అంది. "కొసాకి బియ్యపు గింజంత ఉంది. ఆఖరి స్నానం చేయించి పసుపు రాసేటప్పుడు చూశాను. పసుపు రాసినా కనపడుతూనే ఉంది."

ఆయన తలాడించాడు.

"ఇంకొక్కసారి గోళ్ళు తీసుకునుంటే పోయేది," అంది.

ఫోన్‌లో ఆవిడ మెల్లగా కళ్ళు తెరవమంది. పల్లంరాజు తెరవలేదు. లోవలక్ష్మి చేతులు కడుక్కోకుండానే వచ్చి, మోచేత్తో ఫోన్ పక్కకి నెట్టి, ఆయన పక్కన కూర్చుంది. బయట ఏరేటర్లు తిరుగుతున్నాయి.