బయటి తాళం

ఆ రోజు చేయాల్సిన పనులు ఇవి. సుష్మిత అనే అమ్మాయి పెళ్లి జాకెట్టుకు మగ్గం వర్క్ ఎక్కడ ఆగిందో చూడాలి. కాంతవ్వ అత్త ఫాల్ కుట్టిన చీరలు ఇస్త్రీకి ఇవ్వాలి. హుక్కులు, మెరూన్ దారం తేవాలి. పైన వర్క్‌షాపుకు టీ పంపాలి. మధ్యాహ్నం కోచింగ్ క్లాసుకు పోయేలోపు నిన్నటి ప్రోగ్రాం ఇంకోసారి రాసి చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు శివరాములు మామ చక్రపాణి సేటును కలిసి, వర్క్‌షాపు తాళంచెవి ఒకటి లోపలి మనుషుల దగ్గర ఉంచమని అడగాలి.

ఒక్కటీ జరగలేదు. నేను మామ షాపు షట్టర్ ఎత్తుతుండగానే పోలీసు వ్యాను వచ్చి గల్లీకి అడ్డంగా ఆగింది.

అమీర్‌పేట మెట్రో వెనక మా గల్లీలో పైన కోచింగ్ సెంటర్లు, కింద టైలర్ షాపులు. మాది సిరిసిల్ల. మా నాయిన సాంచెల మీద బట్ట నేస్తాడు. ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదలు. పొద్దున మామకు సాయం చేస్తాను, మధ్యాహ్నం క్లాసుకు పోతాను. గల్లీ చివరి బిల్డింగు రెండో అంతస్తులో చక్రపాణి వర్క్‌షాపు ఉంది. అన్ని షాపులకూ మగ్గం వర్క్ అక్కడినుంచే వస్తుంది. నాలుగు కర్రల చట్రానికి బట్ట బిగించి, చుట్టూ నేల మీద కూర్చుని కారిగర్లు జరీ, పూసలు కుడతారు. అందరూ బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. పని అక్కడే, వంట అక్కడే, పడక అక్కడే. రాత్రి చక్రపాణి షట్టర్ దించి బయట తాళం వేసుకుని పోతాడు. జరీ కండెలు మాయమవుతాయని అతని భయం.

ఒకసారి లోపల వైరు కాలి పొగ కమ్మింది. వాళ్లు లోపలినుంచి షట్టర్ బాదుతుంటే పక్క హాస్టల్ వాచ్‌మన్ గడ్డపారతో తాళం పగలగొట్టాడు. మామ పోలీస్ స్టేషనుకు పోయి చెప్పినా ఎవరూ వచ్చి చూడలేదు. మర్నాడు చక్రపాణి కొత్త తాళం కొన్నాడు. అప్పుడే కారిగర్లు చట్రాల ముందు కూర్చునేది లేదన్నారు. తాళంచెవి లోపల ఉంటేనే సూది పడతామన్నారు. వాళ్ల తరఫున మాట్లాడినవాడు సాదెక్ షేక్.

పోలీసులు వాళ్లను కట్టుకున్న లుంగీలతోనే మెట్లు దింపారు. ఏ దేశం అని అధికారి అడిగాడు. సాదెక్ ముర్షిదాబాద్ అన్నాడు. జేబులోంచి ఓటరు కార్డు తీశాడు. ఇలాంటి కార్డులు కట్టలుకట్టలు చూశామని అధికారి దాన్ని తిప్పి చూడకుండానే తన జేబులో వేసుకున్నాడు. చక్రపాణి వ్యాను పక్కనే నిలబడి ఉన్నాడు.

"గా పొడుగోడే సార్" అన్నాడు. "అందరికి నేర్పింది వాడే."

గల్లీ అంతా వింది. సాదెక్ మా మామ వైపు చూశాడు. "ఉస్తాద్, పెళ్లి బట్ట మీద గుడ్డ కప్పుండ్రి, దుమ్ము పడ్తది" అన్నాడు. వ్యాను తలుపు మూసుకుంది.

సాదెక్ మా గల్లీ మాట మా గల్లీలోనే నేర్చుకున్నాడు. నేను ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకున్నప్పుడల్లా నవ్వేవాడు. నీ పనిలో తప్పు పోతే చెరిపేస్తావు, నా పనిలో విప్పితే బట్టే పోతుంది అనేవాడు. అతని ఊరి సంగతి కూడా టీ తాగుతూ చెప్పాడు. అక్కడ సరిహద్దు కంచె వేసేటప్పుడు అసలు గీతకు కొంత ఇవతలగా వేశారట. అతని ఇల్లు, ఇంకా కొన్ని ఇళ్లు మన దేశపు నేల మీదే ఉన్నా కంచెకు అవతల పడ్డాయి. కంచెకు ఒక గేటు. సిపాయిలు పొద్దున తీస్తారు, సాయంత్రం మూస్తారు. బజారుకు పోయినా, పురిటి నొప్పులు వచ్చినా ఆ గేటు తీసినప్పుడే. దేశం మాదేగానీ తాళం మాది కాదు అని చెప్పి అతను గ్లాసు కడుక్కునేవాడు.

మధ్యాహ్నం టైలర్ల సంఘం గదిలో మీటింగు పెట్టారు. నేను క్లాసుకు పోలేదు. సంఘం అధ్యక్షుడు రాజనర్సయ్య ముందే తేల్చేశాడు. బయటివాళ్లు వచ్చి మన పిల్లలు నేర్చుకోవాల్సిన పనిని పట్టుకున్నారని ఆయన ఎన్నాళ్లుగానో అంటున్న మాటే. పోతే పోయారు, పీడ వదిలింది అన్నాడు. చాలామంది తలలూపారు.

మా భానుచందర్ బావ లేచాడు. అతను అత్త కొడుకు, ఎస్సై పరీక్షకు చదువుతున్నాడు. అతని మాటల్లో కోపం లేదు, నమ్మకం ఉంది. ఏ దేశానికైనా గీత ఉంటుందన్నాడు. దొంగతనంగా దాటినవాణ్ని ఊరుకుంటే వరుసలో నిలబడినవాడికి అన్యాయం చేసినట్టేనన్నాడు. అమాయకుడైతే విచారణలో తేలుతుంది, మనం అడ్డం పోకూడదన్నాడు.

"మనింటికి తలుపు లేదా అమ్మా" అని అత్తను అడిగాడు. "ఎవలు పడితే వాళ్లు లోపటికొస్తే ఊకుంటవా?"

అత్త చీర అంచుకు కుడుతున్న సూది ఆపింది.

"తలుపు వద్దని నేనన్ననా. మనింటి తలుపుకు గొళ్లెం లోపట ఉంటది బిడ్డా. బయట తాళమేసేదాన్ని ఇల్లనరు."

అప్పుడు శివరాములు మామ మొదలుపెట్టాడు. షార్జాలో కంపెనీ టైలర్‌గా చేశానని మామ అందరికీ చెప్పుకునేవాడు. ఆ రోజు మిగతాది చెప్పాడు. అర్బాబు, అంటే అక్కడి యజమాని, పాసుపోర్టు గుంజుకుని, జ్వరమొచ్చినా మిషను మీదినుంచి లేవనివ్వకపోతే పారిపోయాడు. ఖల్లివల్లి అయ్యాడు. కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాళ్లను గల్ఫులో మనవాళ్లు అలాగే అంటారు. గదిలో సగం మందికి ఆ మాట తెలుసు. అన్నో, బావో, మామో ఎవరో ఒకరు అలా బతికి వచ్చినవాళ్లే.

"నన్ను దాసింది బంగ్లాదేశ్ పోరగాండ్లు" అన్నాడు మామ. "గా రూముల నేనే పరాయోణ్ని. ఏ ఊరని అడగకముందే పళ్లెం పెట్టిండ్రు. పోలీసులొస్తే నన్ను బట్ట తాన్ల వెనక కూసోబెట్టి, వాళ్లు ముందట నిలవడ్డరు."

"నీది వేరు శివరాములు" అన్నాడు రాజనర్సయ్య. "నువ్వు కష్టం చేసుకుని బతికినవ్."

"మరి వీళ్లు పైన పత్తాలాడుతున్నరా?"

గది నవ్వింది. రాజనర్సయ్య కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

సాదెక్ మనవాడే, ఓటు ఉన్నవాడే అని ఎవరో గుర్తుచేశారు. మామ ఆ దారిలో పోనివ్వలేదు. అవతలివాడే అనుకోండి, అయితే లోపల పెట్టి తాళం వేయొచ్చా, తాళంచెవి అడిగితే వ్యాను ఎక్కించొచ్చా అన్నాడు. నాకు అప్పుడు ఒక సంగతి తేటగా కనిపించింది. ఆ కారిగర్లు ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నారు. ఏ చట్టమూ వాళ్లను వెతుక్కుంటూ రాలేదు. పని ఆపిన మూడోనాడు వచ్చింది. అంత దూరాన వేసిన కంచె తాడులా సాగి అమీర్‌పేటలో ఒక సేటు చేతికి అందింది. భయపడే మనిషి తక్కువ కూలికి, అగ్గువకు దొరుకుతాడు. అలాంటి మనిషి పక్కన పనిచేసే మన పిల్లలూ అగ్గువే అవుతారు. ఈ మాట లేచి చెప్పాను.

అప్పుడే చక్రపాణి వచ్చాడు. సంఘానికి మేలు చేసినవాడిలా కుర్చీ లాక్కున్నాడు. పెళ్లిళ్ల సీజను, చట్రాల మీద సగం పని ఉంది, మీ ఆడపిల్లల్లో సూది వచ్చినవాళ్లను పంపండి, ఇక ఈ పని మీదే అన్నాడు. రాజనర్సయ్య ఎన్నాళ్లనుంచో అడుగుతున్నది అదే.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు మొదలుపెట్టిన బట్టలో ఇంకొకరు సూది పెట్టరు. ప్రతి చేతికీ దారం లాగే బిగువు వేరు. చేయి మారితే పువ్వు సగంలోనే మారిపోతుంది. పెట్టాల్సివస్తే మొదటివాడిని అడిగే పెట్టాలి.

రాజనర్సయ్య తన వేలి తొడుగును తీసి ముందు పెట్టాడు.

"వానితోని నాకు పేచీ ఉంటే నేను జూసుకుంట" అన్నాడు. "వానిని జైల్ల ఏసి, వాని బట్టల సూది పెట్టుమంటె పెట్ట. ఇక్కడ ఎవ్వలూ పెట్టరు సేటూ."

చక్రపాణి అందరి ముఖాలూ చూశాడు. ఒక్కరూ కదల్లేదు. మీకూ ఇంకో వ్యాను వస్తుందని చెప్పి మెట్లు దిగిపోయాడు.

చట్రాలను కారిగర్ల దగ్గరికే పట్కపోదామన్నది అత్త. ఆ వర్క్‌షాపు తాళం ఆ సాయంత్రం ఊడింది. చట్రాలు కిందికి దిగాయి. మర్నాడు పొద్దున గల్లీలో ఒక్క షట్టర్ కూడా లేవలేదు. నలుగురు పట్టుకుంటే ఒక చట్రం లేచింది. వాటి మీద పట్టు మెరుస్తోంది, సగం కుట్టిన నెమళ్లు, సగం కుట్టిన మామిడిపిందెలు. మామ బావను ఇంట్లో ఉండమన్నాడు. కేసు పడితే ఎస్సై ఉద్యోగం ఆశ వదులుకోవాల్సిందే. సాదెక్ చట్రానికి నాలుగో మనిషి తక్కువైతే బావే వచ్చి ఆ కర్ర కింద భుజం పెట్టాడు.

మెట్రో పట్టాల కింద పంజాగుట్ట వైపు నడిచాం. షేర్ ఆటోలు ఆగాయి. హాస్టల్ పిల్లలు బ్యాగులతోనే వెంట వచ్చారు. చీరల దుకాణాల సేల్స్‌గర్ల్స్ మెట్ల మీదికి వచ్చి, మేనేజర్లు పిలుస్తున్నా లోపలికి పోలేదు. సుష్మిత స్కూటీ మీద మమ్మల్ని తిడుతూ వచ్చింది. శుక్రవారం నా పెళ్లి, నా జాకెట్టు రోడ్డు మీద ఊరేగుతుందేంది అంది. కుట్టేవాడు లోపల ఉన్నాడని అత్త చెప్పింది. అయితే పదండి, పోలీసులను నేనే అడుగుతా అని ఆమె అందరికన్నా ముందు నడిచింది.

ఎర్రమంజిల్ దిక్కు ఒక పాత భవనంలో వాళ్లను పెట్టారు. గేటు ముందు చట్రాలు పరిచి చుట్టూ కూర్చున్నాం. కారిగర్లు కూర్చునే వైపు ఖాళీగా వదిలాం. ఆ అధికారే బయటికి వచ్చాడు. వీళ్లు మీ భాషవాళ్లా, మీ మతంవాళ్లా, ఎందుకింత ఆరాటం అన్నాడు. చట్టం తన పని తాను చేస్తుందన్నాడు.

"పొగల మనుషులు సచ్చిపోతుండ్రని చెప్పినప్పుడు ఒక్క చట్టం మెట్లెక్కలే సార్" అన్నాడు మామ. "సేటు పిలిస్తే మాత్రం జల్ది దిగింది."

సాదెక్‌ను చూపించమన్నాం. అతను అక్కడ లేడు. మిగతావాళ్లు ఉన్నారు. అతని అడ్రసు కంచెకు అవతల ఉంది కాబట్టి విదేశీయుడని తేల్చేశారు. తెల్లవారకముందే రైలెక్కించారు. అది విన్నాక ఎవరినీ ఆపడం ఎవరి వల్లా కాలేదు. అందరూ గేటును పట్టుకున్నారు. లాఠీలు లేచాయి. సాదెక్ చట్రం కర్ర విరిగింది. రాజనర్సయ్య నుదురు పగిలింది. మామను, బావను, ఇంకా కొందరిని వ్యానులో వేశారు. మేం కదల్లేదు. కొట్టినచోటికే మళ్లీ వచ్చి కూర్చున్నాం. రోడ్డు నిండిపోయింది. సాయంత్రానికి తక్కిన కారిగర్లందరినీ వదిలిపెట్టారు.

వాళ్లిప్పుడు మా సంఘంలో సభ్యులు. చక్రపాణి దిగిరాక తప్పలేదు, వర్క్‌షాపు తాళంచెవి లోపల వాళ్ల మేకుకే వేలాడుతుంది. వ్యానులో వేసినవాళ్లను కేసు పెట్టి వదిలారు, బావ మీదా ఆ కేసు ఉంది. అతను ఎస్సై పరీక్ష పుస్తకాలు కట్టి అటక మీద పెట్టి, లా కాలేజీకి దరఖాస్తు చేశాడు. మొన్న పోలీసులు మళ్లీ తనిఖీకి వచ్చారు. షాపు షాపుకూ తిరిగి ఏ ఊరని అడిగారు. సిరిసిల్లవాళ్లు, ముర్షిదాబాద్‌వాళ్లు, పాలమూరువాళ్లు, అందరూ ఒకే ఊరి పేరు చెప్పారు. అమీర్‌పేట అన్నారు. రాసుకునేవాడు కొంతసేపు రాసుకుని పెన్ను మూసి పోయాడు.

సాదెక్‌ను సరిహద్దు దగ్గర తుపాకీ చూపి నది దాటించి బంగ్లాదేశ్‌లోకి తోశారని వాళ్ల ఊరివాళ్ల ద్వారా తెలిసింది. అవతలి సిపాయిలు ఇండియానుంచి చొరబడ్డాడని పట్టుకుని జైల్లో వేశారు. ఇవతల మావాడు కాదంటారు. అవతలా అదే మాట. వాళ్ల అమ్మ ఫోన్లో మా అత్తతో మాట్లాడింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడారు. అతన్ని తిరిగి తెమ్మని కోర్టులో పిటిషన్ వేశాం. వాయిదా రోజున గల్లీ మళ్లీ మూతపడుతుంది.

ఇది చదివిన మీకు ఒక పని చెబుతాను. సాదెక్ షేక్ పేరు గుర్తుంచుకోండి. మీ బస్తీలో, మీ హాస్టల్లో, మీ బస్సులో ఎవరైనా ఒక మనిషిని పక్కకు లాగి నీది ఏ దేశమని గద్దిస్తుంటే, ఆ పేరు తలచుకుని వెళ్లి ఆ మనిషి పక్కన నిలబడండి.