వాసన చూడకూడని పొడి

ఆ రోజు చేతులకు సబ్బు తగలకూడదు. గుప్పెడు బూడిద, వట్టి నీళ్ళు, అంతే. అర్గిరో చేతులు కడుక్కుని, తువ్వాలు కూడా ముట్టకుండా గాలికి ఆరబెట్టుకుంది. ఆగస్టు గాలి కిటికీ తలుపుల్ని పట్టుకుని ఊపేస్తోంది. బల్ల మీద తెల్ల దుప్పటి. దాని మీద గిన్నెల్లో దంచిన మిరియాలు, ఎండు నిమ్మతొక్క, ఎండబెట్టిన వెల్లుల్లి, పుదీనా, ఒక చిన్న ముక్క దాల్చిన చెక్క, ఒడ్డున రాళ్ళ గుంటల్లో ఎండిన ఉప్పు. పక్కన మూతి కట్టిన గుడ్డసంచి నిండా కొండమీద మొలిచే ఘాటైన రిగాని ఆకు. ఇన్ని ఉన్నా పొడికి ప్రాణం ఆ కొండాకే.

రేపు దేవమాత పండగ, ఉపవాసాలు విడిచే రోజు. తెల్లారేసరికి చర్చి ముందు మేకమాంసం కుండలు పొయ్యి ఎక్కుతాయి. దీవికి ఆ పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి బల్లల ముందు కూర్చుంటారు. ఆ కుండల్లో ఏళ్ళ తరబడి పడుతున్నది అర్గిరో చేతి పొడి. అంతకుముందు ఆమె అత్తగారిది.

ఈ పొడికి ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. కుండలో పడేదాకా, చేసే మనిషి తప్ప ఇంకెవరూ దాన్ని వాసన చూడకూడదు. ఇంకో ముక్కు తాకితే పొడి చచ్చిపోతుందంటారు. అందుకే ఈ రోజున ఆమె ఇంటికి ఎవరు వచ్చినా ముక్కు మూసుకునే గడప దాటుతారు. చేసే మనిషి ముక్కు ఒక్కటే ఊరందరి తరఫునా పనిచేస్తుంది.

ఆ ముక్కు ఫిబ్రవరి నుంచి పనిచెయ్యడం లేదు.

జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన రోజు పొయ్యి మీద కాఫీ పొంగి మాడిపోతే, పొగ కళ్ళకు తగిలాక గానీ ఆమెకు తెలియలేదు. పట్నంలో డాక్టరు పరీక్షించి, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. వచ్చినా మొదట్లో వంకరగా రావచ్చు, గులాబీ పట్టుకుంటే రబ్బరు కాలినట్టు అనిపించవచ్చు, కంగారు పడకమ్మా అన్నాడు. ఆమె తల ఊపి వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. మొగుడు ఇసిదోరోస్‌కి కూడా.

చెప్పకపోవడానికి కారణం ఉంది. అత్తగారు ఈ పని కన్నకూతురు లెమోనియాకి కాకుండా కోడలి చేతిలో పెట్టింది. "దాని ముక్కు పదునే, నోరు అంతకంటే పదును" అని నవ్వేసింది ఆ ముసలామె. లెమోనియా మాత్రం ఆ రోజు నవ్వలేదు. ఇప్పుడు వదినగారి ముక్కు చచ్చిందని తెలిస్తే పొడి ఎవరి ఇంటికి పోతుందో చెప్పక్కర్లేదు. అయితే అర్గిరోను లోపల తొలిచేది అది కూడా కాదు. వాసన పోయిన దగ్గర్నుంచి ఆమెకు తన ఇల్లు తనది కానట్టుంది. బీరువా తెరిచి మొగుడి కోటులో ముఖం పెట్టుకుంటే ఉన్ని గరుకు తప్ప ఏమీ తగలదు. మనుషులు గాజుపలక అవతల నుంచి మాట్లాడుతున్నట్టుంటారు. పుదీనా అనుకుంటే మాత్రం తల లోపల ఎక్కడో ఒకటి కదులుతుంది. అది వాసన కాదు, వాసన కూర్చుని లేచి వెళ్ళిన చోటు.

ఆ జ్ఞాపకంతోనే ఈ ఏడు పొడి గట్టెక్కించాలనుకుంది. ఎంత ఉప్పుకి ఎంత నిమ్మతొక్కో చేతికి తెలుసు. ఆకు సరిగ్గా ఎండిందో లేదో చెవికి తెలుసు. అరచేతుల మధ్య నలిపితే ఎండుటాకు చిటపటమంటుంది, తడి మిగిలిన ఆకు మూలుగుతుంది. రోజూ సాధన చేసింది. దొంగతనం నేర్చుకుంటున్న మనిషికి ఉండే సిగ్గూ, గర్వమూ రెండూ కలిగాయి.

సంచి విప్పింది. జల్లెడ మీద దోసిలి పట్టి రిగాని నలపడం మొదలుపెట్టింది. చిటపట బాగానే ఉంది. ఇంకో దోసిలి తీసుకుంది. నలుపుతూ నలుపుతూ ఉన్నట్టుండి చేతులు ఆపేసింది.

ముక్కులో ఏదో గుచ్చుకుంది.

కదిలితే పారిపోతుందేమోనని ఆమె అలాగే బిగుసుకుపోయింది. జ్ఞాపకమేమో అనుకుంది. జ్ఞాపకం గుచ్చుకోదు. మెల్లగా గాలి పీల్చింది. ఉంది. ఇంకా గట్టిగా పీల్చింది. ఇంకా ఉంది. ఎన్నాళ్ళకు. కుర్చీ వెనక్కి తోసి లేచి, బల్ల చుట్టూ గబగబా తిరిగి, మళ్ళీ వచ్చి అరచేతుల్లో ముఖం పెట్టింది. అప్పుడు తెలిసింది ఆ వాసన ఏమిటో.

పెట్రోలు.

మళ్ళీ చూసింది. పెట్రోలే. నిమ్మతొక్క పట్టుకుంది, పెట్రోలు. మిరియాలు, పెట్రోలు. బూడిదతో చేతులు తోముకుని కాఫీ డబ్బా మూత తీసింది. కాఫీలో కూడా పెట్రోలే. గడప దాటి బయటికి వెళ్ళి, సముద్రం మీంచి వచ్చే గాలికి ఎదురుగా నిలబడింది. గాలి కూడా పడవ ఇంజన్ పక్కనుంచి వస్తున్నట్టే ఉంది.

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. డాక్టరు చెప్పిన వంకర ముక్కు ఇదేనా? ముక్కు తిరిగొచ్చి అబద్ధం చెబుతోందా? లేక ముక్కు నిజమే చెబుతోందా, ఆకే పాడైందా? ఆకు పాడైతే వాసన చేతులకు అంటి, చేతుల నుంచి అన్నిటికీ అంటి ఉండాలి. రెండూ నమ్మదగ్గవే. ముక్కు అబద్ధమైతే పొడి మంచిది, ఆమె ఇంకా రోగి. ముక్కు నిజమైతే ఊరి పండగ కూర చెడిపోయినట్టే, ఆమె మాత్రం మనిషైనట్టు. తను ఏది కోరుకుంటోందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. అలా కోరుకున్నందుకు భయం కూడా వేసింది. అయినా ఒళ్ళంతా ఉరకలు వేస్తూనే ఉంది.

తేల్చాలంటే ఇంకో ముక్కు కావాలి. ఇంకో ముక్కు కావాలంటే నోరు విప్పాలి.

సరిగ్గా అప్పుడే వాకిట్లో అడుగుల చప్పుడైంది. ఒక చంకలో పెద్ద రేకు డబ్బా, ఇంకో చేత్తో ముక్కు నొక్కిపట్టుకుని లెమోనియా లోపలికి వచ్చింది. పొడి సాయంత్రానికల్లా ఈ డబ్బాలో అందాలని కుండల పెద్ద కోస్మాస్ బాబాయ్ చెప్పి పంపాడట. ఈసారి మేకలు బక్కవట. కత్తులు నూరుతూ అన్నయ్య వేలు కోసుకున్నాడట, ఇసిదోరోస్ కాక ఇంకెవరు కోసుకుంటారట. ఇదంతా ముక్కుతో, జలుబు చేసిన బాతులా చెప్పుకొచ్చింది.

"లెమోనియా, ముక్కు వదిలి ఇలా రా" అంది అర్గిరో. "దీన్ని వాసన చూడు."

లెమోనియా ముక్కును ఇంకా గట్టిగా నొక్కింది. "ఎండ గానీ కొట్టిందా వదినా? రేపు కూర చప్పబడితే ఎవర్నంటారు? అమ్మ తనకివ్వలేదన్న కడుపుమంటతో ముక్కు పెట్టిందని నన్నే కదూ?"

"నాకు వాసన తెలీదు. ఫిబ్రవరి జ్వరం దగ్గర్నుంచి."

ఇన్ని నెలలు గొంతులో అడ్డంపడ్డ మాట ఇంత తేలిగ్గా జారిపోతుందని అర్గిరో అనుకోలేదు. మిగతాది గడగడా చెప్పేసింది, డాక్టరు సంగతి, సాధన సంగతి, ఇందాక గుచ్చుకున్న సంగతి. ఏ వాసనో మాత్రం చెప్పలేదు. చెబితే ఆడపడుచు ముక్కు కూడా అదే పట్టుకుంటుంది.

లెమోనియా చెయ్యి దానంతటదే కిందికి దిగింది. డబ్బా నేలమీద పెట్టి కూర్చుంది.

"ఈస్టరుకి వండిన మేకపిల్ల?"

"చేతి అలవాటు."

"నేను మెచ్చుకున్నాను దాన్ని."

"మెచ్చుకున్నావు."

"నా జన్మకి నిన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే" అంది లెమోనియా, ఎవరో జేబు కొట్టేసినట్టు.

తర్వాత ఆమె బల్ల వైపు చూసింది, వదిన వైపు చూసింది. ఆ చూపులో లెక్కలు నడుస్తున్నాయని అర్గిరోకు తెలుసు. పాడైన పొడిని బాగుందంటే చాలు, రేపు ఊరంతా ఈ ఇంటి మీద పడుతుంది. బాగున్నదాన్ని పాడైందన్నా చాలు, ఈ రోజే పొడి చేతులు మారుతుంది. అర్గిరో తన ముక్కును, తన పేరును, అన్నిటినీ తీసుకెళ్ళి తన మీద ఎప్పట్నుంచో కోపమున్న మనిషి ముఖం ముందు పెట్టింది. అయినా ఆమెకు ఆశ్చర్యంగా హాయిగా ఉంది. గాజుపలక అవతలి మనిషి ఇవతలికి వచ్చి కూర్చున్నట్టుంది.

లెమోనియా లేచి, శిలువ గుర్తు వేసుకుని, జల్లెడ మీదికి వంగింది. వంగినంత వేగంగా వెనక్కి వచ్చింది.

"ఇది కుండలో వేసేదా, పడవలో పోసేదా?"

అర్గిరో ఆమె భుజాలు పట్టుకుంది. "పెట్రోలేనా? సరిగ్గా చెప్పు, పెట్రోలేనా?"

"దేవమాత మీద ఒట్టు. అగ్గిపుల్ల గీస్తే చాలు, కుండలు వాటంతటవే ఉడుకుతాయి."

అర్గిరో ఆడపడుచును గట్టిగా వాటేసుకుని బల్ల చుట్టూ తిప్పేసింది. జల్లెడ బోర్లాపడింది, ఆకు నేలపాలైంది, ఎవరూ ఏరలేదు. ముక్కు నిజం. ముక్కు నిజమే చెప్పింది.

"పండగ కూర చెడిందని పండగ చేసుకునే మనిషిని నిన్నే చూశాను" అంది లెమోనియా ఆయాసపడుతూ. కానీ చేతులు విడిపించుకోలేదు.

ఫోన్ చేస్తే ఇసిదోరోస్ మొదట నసిగాడు. జూలైలో పొగమంచు పట్టి వదలని రోజుల్లో, అటకమీది రిగాని కట్టలు తడిసిపోతాయని, తనే పడవ కొట్టంలోకి మార్చాడట. మంచి పనే కదా అన్నాడు. ఎక్కడ వేలాడదీశావని గుచ్చి అడిగితే, పెట్రోలు డబ్బాల పైనున్న దూలానికి అన్నాడు. తిరిగి అటకమీద పెట్టేటప్పుడు తనకేమీ వాసన రాలేదన్నాడు. ఎలా వస్తుంది, అతను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఆ వాసనలోనే బతుకుతున్నాడు. లెమోనియా ఫోన్ లాక్కుని, తోడబుట్టినవాణ్ణి తప్ప ఇంకెవరినీ అనలేని నాలుగు మాటలు అని పెట్టేసింది.

ఇక పొడి మాటేమిటి? రిగాని లేని ఇల్లు ఊళ్ళో లేదు. కానీ ఇళ్ళలో సీసాలన్నీ మూతలు తీసి, పదిమంది ముక్కులు పెట్టినవే. పండగ కుండకు పనికిరావు. కొండమీద, అథేరాస్ పైకొసన, ఎవరూ కోయని చోట్ల ఆకు కాడ మీదే ఎండిపోయి ఉంటుందని ఇద్దరికీ ఒకేసారి తోచింది. లెమోనియా అప్పటికే తాళాలు తీసి ట్రక్కులో కూర్చుని హారన్ కొడుతోంది.

పైన గాలి మనిషిని నిలబడనివ్వదు. రాళ్ళ సందుల్లో రిగాని పొదలు గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే విరుగుతూ ఉన్నాయి. లెమోనియా వెంట తెచ్చిన వెనిగర్ సీసా వంచి వదిన చేతుల మీద పోసి, మట్టితో రుద్ది, మళ్ళీ పోసింది. అర్గిరో ఒక కాడ తెంపి అరచేతిలో నలిపి ముఖం దగ్గరికి తెచ్చుకుంది.

ఏమీ లేదు.

ఇంకోటి నలిపింది. గాలి, గాలి, అంతే. ఈ ముక్కుకి పెట్రోలు ఒక్కటే తెలుస్తుందేమో. ఇక బతుకంతా పెట్రోలు ఒక్కటే తెలిసే మనిషిగా ఉండిపోతానేమో.

"గాలికి ఎదురుగా నిలబడి చూస్తే నాకూ రాదు" అంది లెమోనియా. "ఇలా రాయి చాటుకి రా. కళ్ళు మూసుకో. నోరు కూడా మూసుకో."

రాయి చాటున కూర్చోబెట్టి ముక్కు కింద ఏదో పెట్టింది. అర్గిరో పీల్చింది. మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో చాలా దూరాన దీపం వెలిగించినట్టు ఒక వెచ్చదనం, దాని వెనకే ఘాటు. దాన్ని పేరు పెట్టి పిలవాల్సిన పని లేకపోయింది. అదే ఆమెను పేరు పెట్టి పిలిచినట్టయింది. కళ్ళు మూసుకునే ఉన్నా నీళ్ళు దిగాయి.

"రిగాని" అంది.

"మరి ఇది?"

"థైమ్."

"కాదు, మేక పెంటిక. పొడిలో వేద్దామా?"

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత అర్గిరో కళ్ళు తుడుచుకుని, మనసులో ఉన్నది చెప్పింది. నా ముక్కు ఇంకా సగమే వచ్చింది, ఈ ఏడు నువ్వే కలుపు, అసలు ముందునుంచీ నీకే రావాల్సింది అంది. లెమోనియా కింద సముద్రం తెల్లగా చీలుతుంటే చూస్తూ, కాడలు తెంపుతూనే ఉంది. సంచి సగం నిండాక అంది:

"ఇన్నేళ్ళు నీ చేతుల్లోంచి ఎలా లాక్కోవాలా అనుకున్నాను. ఇప్పుడు నువ్వే ఇస్తుంటే చప్పగా ఉంది. కలిపేది నువ్వే. పక్కన కూర్చుని వాసన చూసేది నేను. తప్పితే తిడతాను."

"కట్టుబాటు?"

"కట్టుబాటు పట్టుకుని కూర్చుంటే రేపు ఊరంతా పెట్రోలు తినేది. కోస్మాస్ బాబాయ్‌కి మాత్రం నువ్వే చెప్పాలి. అప్పుడు ఆయన ముఖం నేను చూడాలి."

ట్రక్కు దుమ్ము రేపుకుంటూ కొండ దిగింది. ఒడిలో సంచి, కిటికీ బార్లా తెరిచి, అర్గిరో తల బయటపెట్టి కూర్చుంది. అన్నీ రాలేదు. కొన్ని వచ్చాయి. వచ్చినవాటిని వచ్చినట్టే పైకి చెప్పడం మొదలుపెట్టింది. అత్తిచెట్టు అంది. వేడెక్కిన తారు అంది. ఎవరింట్లోనో వంకాయలు వేగుతున్నాయంది, మళ్ళీ కాసేపటికి, కాదు మాడుతున్నాయంది.

"ఆపు వదినా" అంది లెమోనియా మలుపు తిప్పుతూ. "నాకూ ఉంది ముక్కు."