‘పె’ తర్వాత

ఆ పొద్దున అన్నయ్య గుండె చిక్కబట్టుకుని ల్యాబుకు వచ్చాడు. చెల్లికి ఒక్క మాట చెప్పాలి. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయిని తను పెళ్లి చేసుకోబోతున్నాడు. “మీ చెల్లితో నేను చెప్పనా?” అని ఆ అమ్మాయి అడిగితే రోషంగా వద్దన్నాడు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తన నోటితోనే చెప్పాలని అతని కోరిక. వచ్చిన చిక్కల్లా అక్కడే. అతనికి నత్తి, చెల్లికి తొందర.

చెడ్డ తొందర కాదు లెండి, ప్రేమ పట్టలేని తొందర. చిన్నప్పుడు బడిలో అతణ్ణి వెక్కిరించిన వాళ్ళ జుట్టు పట్టుకుని మరీ కొట్లాడింది ఆ పిల్లే. అన్నయ్య మాట కోసం తంటాలు పడుతుంటే చూడలేక మిగతాది తనే అందించేది. ఆ అలవాటు ఇన్నేళ్ళయినా పోలేదు. మధ్యలో ఎవరైనా అందుకుంటే అతను మళ్ళీ మొదటి అక్షరం నుంచి ఎత్తుకోవాలి. ఆ సంగతి మాత్రం ఆవిడ ఎన్నడూ గమనించలేదు.

అతను ఆ ల్యాబులో టెక్నీషియన్. రక్తపరీక్షలు చేసే పాత మెషీన్ ఒకటి అతని చేతికింద ఉంది. అందరూ దాన్ని ముసలమ్మ అంటారు. దాని ఫలితాలు నెట్‌వర్కు మీద నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చేలా చెల్లి ప్రోగ్రాం రాసింది. రాయడమైతే రాసింది గానీ ఒక్క ఫలితమూ వచ్చిన పాపాన పోలేదు. అందుకే ఇవాళ లాప్‌టాప్ పట్టుకుని ముసలమ్మ పక్కనే తిష్ఠ వేసింది.

“పె... పె...”

“పెన్‌డ్రైవా? నా దగ్గరుంది.”

అతను తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదలుపెట్టాడు. “పె...”

“పెందలాడే వెళ్ళాలా? వెళ్ళన్నయ్యా, ఇక్కడ నేను చూసుకుంటాగా!”

అతను ఉసూరుమంటూ స్టూలు మీద కూలబడ్డాడు. చెల్లి తెరకేసి చూస్తూ విసుక్కుంది.

“పిలవగానే పలుకుతోంది, కనెక్షన్ టక్కున కలుస్తోంది. అయినా గడువు దాటిందంటూ తెర మీద ‘టైమౌట్’ వస్తోంది. ఏం మాయరోగం దీనికి?”

ముసలమ్మ కడుపులో, రక్తం పీల్చే సూది కడుక్కుంటున్న చప్పుడు మొదలై, ఠక్కున ఆగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. చెల్లి మొదటిసారి తెర మీంచి కళ్ళు తిప్పి మెషీన్‌ని చూసింది, చూసి నాలుక కరుచుకుంది.

“దీని తప్పేం లేదన్నయ్యా, నాదే. రెండు సెకన్లలో లైను కలవకపోతే వదిలెయ్యమని ప్రోగ్రాంకి చెప్పా, అది సరే. జవాబుకీ అదే గడువు పెట్టేశా. పాపం ఇది సూది కడుక్కుని గానీ జవాబు చెప్పదు. ఈలోపే నా ప్రోగ్రాం లైను కోసేసి మళ్ళీ పిలుస్తోంది. పిలిచినప్పుడల్లా ఇది మళ్ళీ మొదటి నుంచి...”

మాట మధ్యలో ఆగిపోయింది. అన్నయ్యకేసి చూసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

లైను కలిసే గడువు అలాగే ఉంచి, జవాబు కోసం వేరే గడువు పెట్టింది, పెద్దది.

“ఎ... ఎప్పటికీ ఆగుతుందా?” అన్నాడు అన్నయ్య. ఈసారి ఆవిడ చివరిదాకా విని చెప్పింది.

“ఎప్పటికీ అంటే కుదరదు. అవతల కరెంటు పోతే మనం బొమ్మలా అలా కూర్చుండిపోతాం. కానీ చెప్పేవాళ్ళకి చాలినంతసేపు ఆగాలి కదా.”

ముసలమ్మ తీరిగ్గా సూది కడుక్కుంది. ఫలితాలు బిలబిలమంటూ తెర మీదికి వచ్చేశాయి. చెల్లి వాటివైపు చూడనైనా చూడకుండా కుర్చీ ఇటు తిప్పుకుంది.

“పొద్దున్నించీ ఏదో చెప్పాలనుకుంటున్నావ్. చెప్పన్నయ్యా.”

“పె... పె...”

ఆవిడ పెదవులు కదిలాయి. గట్టిగా బిగించుకుంది.

“పె... పెళ్లి చేసుకుంటున్నాను.”

చెల్లి ఎగిరి గంతేసి అతని మెడ చుట్టూ చేతులు వేసింది. “ఎవర్నీ?”

“రి... రి...”

గాజు తలుపు అవతల రిసెప్షన్ అమ్మాయి మునివేళ్ళ మీద నిలబడి తొంగిచూస్తోంది. చెల్లి చూసింది. అంతా అర్థమైపోయింది, ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చేసింది. అయినా తలుపు వైపు నుంచి చూపు తిప్పుకుని, అన్నయ్య ఎదురుగా మళ్ళీ కూర్చుంది.

“రి...” అన్నాడు అన్నయ్య, ఏ తొందరా లేకుండా.