ఎనిమిది వ్యాసం కాదు

మాస్టారు టీ గ్లాసుని చేతికి ఏది అందితే దాని మీద పెడతారు. ఆదివారాలు ఆ అందేది పిల్లల పరీక్ష పేపర్ల కట్ట. అందుకే ఆయన భార్య దిద్దడానికి కూర్చున్నప్పుడల్లా ముందు పై పేపరు మీది తడి వలయాన్ని గుడ్డతో అద్ది, ఆ తర్వాతే ఎర్ర పెన్ను మూత తీస్తుంది. వంటింటి బల్ల మీద ఒక పక్క కడగాల్సిన గ్లాసులు, ఇంకో పక్క ముప్పై పేపర్లు, మధ్యలో మాస్టారు రాసిచ్చిన జవాబుల కాగితం. దాన్ని ఆ ఇంట్లో కీ అంటారు. వీధి గుమ్మం పైన బోర్డు ఉంది. 'లెక్కల ట్యూషన్. ప్రతి పేపరూ మాస్టారే స్వయంగా దిద్దుతారు.' వారానికోసారి స్టూలు వేసుకుని ఆ బోర్డు దుమ్ము తుడిచేదీ ఆమే.

ఆమె కూడా లెక్కలే చదువుకుంది. పెళ్లి కుదిరినప్పుడు అత్తగారు ఎంత మురిసిపోయిందో! "మావాడికి సాయంగా ఉంటుందిలే" అంది. ఆ సాయం ఎలాంటిదో ఆమెకి కాపురానికొచ్చిన మూడో నెలలో తెలిసింది. ముందుగదికీ వంటింటికీ మధ్య ఒక తెర ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆ రోజు తెర పక్కన నిలబడి, బోర్డు మీద ఆయన వేసిన త్రిభుజం చూసి, నోరు ఊరుకోక "ఏమండీ, ఆ కోణం అరవై కదూ" అంది. పిల్లలంతా తిరిగి చూశారు. ఆయన నవ్వి, "మా ఆవిడ కూరగాయలు త్రిభుజాల్లా తరుగుతుందిరా, అందుకని అన్నీ తెలుసు" అన్నారు. పిల్లలు పగలబడి నవ్వారు. లోపలికొచ్చాక మాత్రం ఆయన మొహంలో నవ్వు లేదు. "పదిమందిలో నా పరువు తీయడానికొచ్చావా? నీ గొంతు ఇంకోసారి ఆ తెర దాటిందంటే బాగుండదు" అన్నారు. అత్తగారైతే మెత్తగానే చెప్పింది. "తెలిస్తే తెలిసిందిగానీ, తెలిసినట్టు కనబడకమ్మా." పాపం, ఆవిడ జన్మంతా ఎన్ని తెలిసీ కనబడకుండా దాచుకుందో ఎవరికి తెలుసు!

ఆ కోణం అరవయ్యే. ఆ తర్వాతి వారం ఆయన చడీచప్పుడు లేకుండా దిద్దుకున్నారు. ఆ పై వారం, "కళ్లు లాగుతున్నాయి, టిక్కులు పెట్టడమేగా, నువ్వు కానియ్" అని పేపర్ల కట్ట తెచ్చి బల్ల మీద పడేశారు. అప్పటినుంచీ ప్రతి ఆదివారమూ ఆయన కళ్లు లాగుతూనే ఉన్నాయి, ఆయన మధ్యాహ్నం పడుకుని గుర్రు పెడుతూనే ఉన్నారు. ఎవరికీ అనుమానం రాకూడదని ఆమె ఆయన చేతిరాత నేర్చుకుంది. ఆయన రాసే ఐదు అంకె పైగీత, గాలికి ఎగిరిపోతున్న టోపీలా ఉంటుంది. మొన్నామధ్య కొట్టుకి చీటీ రాస్తే అందులోనూ ఆ టోపీ ఐదే పడింది. తన ఐదు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని చీటీ వెనక నాలుగైదుసార్లు రాసి చూసింది. ఎన్నిసార్లు రాసినా ఆయన అంకే వచ్చింది. ఆ రోజు ఆమెకి ఏడుపొచ్చింది, కూర తరుగుతూ ఏడ్చింది కాబట్టి ఎవరూ అడగలేదు.

ఈ ఆదివారం పరీక్ష మామూలుది కాదు. యాభైకి నలభై ఐదు వచ్చినవాళ్లే మొదటి బ్యాచ్‌లో ఉంటారు. ఆ ముప్పై మందిలో మాస్టారి కూతురూ ఉంది. "నా కూతురైనా సరే, నలభై ఐదు రాకపోతే లెక్కలు మానేసి ఇంకేదైనా చదువుకుంటుంది. ఆడపిల్లకి ఏదైనా ఒకటే" అని పొద్దున్న పిల్లలందరి ముందూ చెప్పారు. పరీక్ష అయ్యాక పిల్ల వంటింట్లోకి వచ్చి గ్లాసులు సర్దుతున్నట్టు నటిస్తూ అంది.

"అమ్మా, చివరి లెక్క నాకు ముప్పై రెండు వచ్చింది. అందరికీ ఇరవయ్యేట. నాదే తప్పయ్యుంటుంది."

ఆ పిల్లకి పదిహేనేళ్లు. లెక్క ఎలా చేసిందీ చెప్పకముందే తప్పు తనదేనని ఒప్పేసుకుంటోంది. ఎక్కడ నేర్చుకుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఆ చివరి లెక్క ఆమె ముందుంది. వృత్తం వ్యాసార్థం ఐదు. లోపల ఒక త్రిభుజం, మూడు మూలలూ వృత్తం మీదే. అడుగు భుజం ఎనిమిది, మిగతా రెండు భుజాలూ సమానం, కేంద్రం త్రిభుజం లోపలే ఉంది. వైశాల్యం ఎంత? కీలో ఇరవై అని ఉంది. ఆమెకి చూడగానే అర్థమైంది. పోయినేడు ఇదే లెక్కలో అడుగు భుజం పది. పది అంటే వ్యాసం, కేంద్రం మీదుగా పోతుంది, కాబట్టి ఎత్తు ఐదు, వైశాల్యం ఇరవై ఐదు. అన్నల దగ్గరా అక్కల దగ్గరా పాత పేపర్లు ఉంటాయని మాస్టారు ఏటా అంకెలు మారుస్తారు. ఈసారి పదిని ఎనిమిది చేసి, ఎత్తు మాత్రం ఐదే ఉంచేశారు. పాత పేపరు బట్టీపట్టిన ఇరవై తొమ్మిది మందీ అలాగే చేశారు. కూతురు ఒక్కతే బొమ్మ సరిగ్గా గీసింది. కేంద్రం నుంచి అడుగు భుజానికి మూడు, పైమూలకి ఐదు, మొత్తం ఎత్తు ఎనిమిది. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, అందులో సగం ముప్పై రెండు. ఆ లెక్కకి ఐదు మార్కులు. అవి వేస్తే పిల్లకి నలభై ఆరు, వేయకపోతే నలభై ఒకటి.

మాస్టారు నిద్ర లేచేదాకా ఆగి, టీ ఇచ్చి, వీలైనంత నెమ్మదిగా చెప్పింది.

"ఏమండీ, చివరి లెక్క ఒక్కసారి చూస్తారా? కీలో..."

"కీ రాసింది నేను. పెన్ను చేతికిచ్చానని మాస్టారివైపోయావా?"

"వ్యాసం పది కదండీ. ఎనిమిది..."

"ఇరవై తొమ్మిది మంది తప్పు, నీ కూతురు ఒక్కతే ఒప్పు! పిల్ల మీద ముద్దుంటే ముద్దు పెట్టుకో, మార్కులు పెట్టకు. కీ ప్రకారం దిద్దు."

కాగితం వంక కన్నెత్తి కూడా చూడలేదు. గ్లాసు మళ్లీ పేపర్ల మీదే పెట్టి వెళ్లారు.

ఈ ఇంట్లో ఆమె ఎటు తిరిగినా ఆ తెర దగ్గరికే వచ్చి ఆగుతోంది. కీ ప్రకారం దిద్దితే, పిల్లకి సున్నా పెట్టేది తన చెయ్యే. అదీ ఆయన రాతతో. ఆ ఆలోచనకి ఆమెకి ఒళ్లు మండింది. పెన్ను తీసింది. ఇరవై తొమ్మిది పేపర్ల మీద ఇరవైని కొట్టేసి, పక్కన 'వ్యాసం పది. ఎనిమిది వ్యాసం కాదు' అని రాసింది. కూతురి పేపరు మీద ఐదు వేసింది. కాస్త వంకరగా, బొద్దుగా, టోపీ నెత్తికి అంటుకుని ఉన్న ఐదు. ఓహో, ఇదా నా ఐదు అనుకుంది.

సాయంత్రం పేపర్లు పంచగానే ముందుగదిలో గోల మొదలైంది. మొదటి బెంచీ పిల్లాడు లేచాడు.

"మాస్టారూ, మీరు చెప్పిన పద్ధతే కదా రాశాం? మీరే కొట్టేశారేంటి?"

మాస్టారు ఆ రాత చూశారు. మొహం పాలిపోయింది. ఇది నేను రాయలేదు అందామంటే గుమ్మం మీద బోర్డు ఉందాయె.

"తొందరలో... తొందరలో దిద్దాను. ఇరవయ్యే కరెక్టు. అందరూ పేపర్లు ఇలా తీసుకురండి, మార్చేస్తాను."

తెర వెనక నుంచి ఆమె కూతురిని చూస్తోంది. పిల్ల తల వంచుకుని, ఎవరూ అడక్కుండానే రబ్బరు తీసుకుని, చక్కగా గీసిన తన బొమ్మని చెరపబోతోంది.

ఆమె తెర తోసి ముందుగదిలోకి వచ్చింది. అన్నేళ్లలో ఆ పిల్లల మధ్యకి టీ గ్లాసులు లేకుండా వట్టి చేతులతో రావడం అదే మొదటిసారి.

"రబ్బరు పక్కన పెట్టు తల్లీ" అంది. తర్వాత మొదటి బెంచీ వైపు తిరిగింది. "మీ మాస్టారు తొందరపడలేదు బాబూ. ఆయన అసలు దిద్దనే లేదు. ఈ పిల్ల పుట్టకముందు నుంచీ, ఈ ఇంట్లో ప్రతి పేపరూ నేనే దిద్దాను."