వెనక కాలు

గోల్ఫ్ ఆటను దూరం నుంచి చూసేవాళ్లకు అదొక పనీపాటా లేనివాళ్ల వ్యవహారంలా కనిపిస్తుంది. బంతి కదలదు, ఎవరూ అడ్డం రారు, చేతిలో కర్ర ఉంది, ఇక కొట్టడానికేం రోగం అనుకుంటారు. స్వర్ణ కూడా అట్లాగే అనుకుంది, ఆ కర్ర తన చేతికి వచ్చేదాకా.

తడ దగ్గర ఫ్యాక్టరీల మధ్య ఒక గోల్ఫ్ మైదానం ఉంది. ఆడవచ్చినవాళ్లకు కౌంటర్ దగ్గర బంతుల బుట్టలు ఇవ్వడం స్వర్ణ ఉద్యోగం. అంతకు ముందు ఫోన్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి, నిలబడి నిలబడి కాళ్లు వాచి, ఎండ ముఖం చూడక విసిగిపోయి ఇక్కడికి వచ్చింది. జనం పలచబడ్డాక కోచ్ హరినాథ్ ఆమెను ఆడనిచ్చేవాడు. చూస్తుండగానే చేయి కుదిరింది. ఇప్పుడు కౌంటర్‌లో బంతులిచ్చే మిషను పెడుతున్నారు, ఆమె ఉద్యోగం ఊడబోతోంది. అదే సమయంలో ఆడవాళ్లకు కొత్త క్లాసులు మొదలవుతున్నాయి, వాటికొక అసిస్టెంట్ కోచ్ కావాలి. హరినాథ్ క్షణం ఆలోచించకుండా స్వర్ణ పేరు చెప్పాడు. మేనేజరు ఒక్కటే షరతు పెట్టాడు. ఆదివారం తన ఎదుట సెవెన్ ఐరన్ అనే కర్రతో బంతిని మైదానం మధ్యలో ఉన్న నీళ్ల గుంట దాటించి అవతలి పచ్చిక మీద దించాలి. మూడు బంతులు ఇస్తాడు, ఒక్కటి దిగినా ఉద్యోగం ఆమెదే. దిగకపోతే మళ్లీ ఆ ఫ్యాక్టరీయే గతి.

సరిగ్గా ఆమెకు రాని విద్య అదొక్కటే. ఇనుప తలకాయ ఉన్న ఆ కర్ర చేతికి రాగానే మొండికేసేది. ఒకసారి బంతికి జానెడు ఇవతలే నేలను తవ్వేది. ఇంకోసారి బంతి నెత్తిన మొట్టికాయ వేసేది. మొట్టికాయ తిన్న బంతి నేలబారున పరిగెత్తి గుంటలో మునిగేది.

హరినాథ్ గూడూరు నిమ్మతోటల రైతుబిడ్డ. ఏం చెప్పినా నిమ్మకాయ లేకుండా చెప్పలేడు.

"బంతిని పైకెత్తాలని చూడబాకమ్మా. నిమ్మగింజను బొటనవేలితో కిందికి నొక్కితే ఏమవుద్ది? ఎగిరి పడుద్ది గదా! బంతీ అంతే. నువ్వు కిందికి కొట్టు, అదే లేస్తుంది."

"తెలుసు సార్. తెలిసినా రాదు గదా!"

చివరికి ఫోన్‌లో వీడియో తీసి చూపించాడు. కొట్టిన ప్రతిసారీ ఆమె వెనక్కి వాలిపోతోంది. బరువంతా కుడి కాలి మీదే ఉంది. బంతి వెళ్లాల్సిన దిక్కున ఉన్న ఎడమ కాలు ఊరికే అలంకారానికి పెట్టినట్టుంది.

"ముందర పులేమన్నా ఉండాదా? ఎందుకట్టా వెనక్కి పడతావు?" అన్నాడు హరినాథ్.

"నీళ్లుండాయి గదా సార్."

సరేనని గుంటకు ఎదురు దిక్కున, వట్టి బయలు వైపు కొట్టించాడు. అప్పుడూ అదే వాలడం. హరినాథ్ తల గోక్కున్నాడు. స్వర్ణకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

శనివారం ఆమెకు సెలవు. పులికాట్ సరస్సు ఒడ్డున వాళ్ల ఊరు. తండ్రి కామాక్షయ్యకు భుజం పట్టేయడంతో విసురువల వేయడానికి కూతుర్ని వెంట తీసుకెళ్లాడు. స్వర్ణ పడవ అంచున నిలబడి, నడుము తిప్పి వల విసిరింది. అది గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడింది. స్వర్ణ వలను చూడలేదు, తన కాళ్లను చూసుకుంది. ఒళ్లు వెనక్కి వాలి ఉంది. కుడి మడమ పడవ చెక్కను కరుచుకుని ఉంది.

కామాక్షయ్యకు అన్న ఒకాయన ఉండేవాడు, వల విసిరిన ఊపులో తానూ నీళ్లలోకి పోయి, ఆ వలలోనే చిక్కుకుని మళ్లీ పైకి రాలేదు. అందుకే కామాక్షయ్య కూతురికి వల ఇచ్చిన మొదటి రోజునే ఒక మాట చెప్పాడు. వల ఎంత దూరమైనా పోనీ, వెనక కాలు మాత్రం వదలబాక.

"నాయనా, నా రోగం దొరికింది" అని స్వర్ణ జరిగిందంతా చెప్పింది.

కామాక్షయ్య ముఖం చిన్నబోయింది. "అయితే నీ నోటికాడి కూడు నేనే తీసినానా మే?"

"అట్టా అనబాక నాయనా. ఆ మాట వల్లనే గదా మునక్కుండా ఉండాను."

రోగం తెలిసినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, రేపటికల్లా ఎట్లా పోతుంది? ఆ దిగులుతోనే తిరుగు దారిలో పడవ తోసే గెడ అందుకుంది. ఎదురుగాలి. వెదురు గెడను బురదలోకి దించి, దాని మీద వాలి, గట్టిగా తోస్తూ వచ్చింది. కొంత దూరం వచ్చాక ఆమె చేతులు ఆగిపోయాయి. ఇప్పుడు బరువంతా ఎడమ కాలి మీద ఉంది. కుడి మడమ దానంతటదే లేచింది. భయం మాత్రం వేయలేదు. గెడ కిందికి దిగబట్టే కదా పడవ ముందుకు పోతోంది! వల విద్యను మరిచిపోవాల్సిన పనే లేదు. దాన్ని పక్కన పెట్టి గెడ విద్యను బయటికి తీయాలి. రెండూ తన ఒంట్లో ఉన్నవే.

"రేపు నువ్వూ రా నాయనా" అంది. ఆమెకు నవ్వాగలేదు.

ఆదివారం పొద్దున్నే విషయం వినగానే హరినాథ్ ఇసకలో గీత గీసి, బంతి ఆ గీత మీద ఉందనుకుని కర్రతో కొట్టమన్నాడు. కర్ర గీతకు అవతలే ఇసకను లేపింది. మళ్లీ కొట్టినా అవతలే.

"ఇన్నాళ్లూ నా నిమ్మకాయలు దండగైనాయి పో!" అని సంబరపడిపోయాడు.

కానీ సాధన వేరు, పరీక్ష వేరు. మేనేజరు వచ్చి గొడుగు కింద నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకుని కామాక్షయ్య ఆడే చోటుకు అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడ్డాడు. మొదటి బంతికి స్వర్ణ కళ్లు నీళ్ల మీదకు పోయాయి, మడమ నేలను కరిచింది, బంతి గుంటలో పడింది. రెండోది చక్కగా లేచింది గానీ సముద్రం గాలి దాన్ని వెనక్కి నెట్టింది. అవతలి ఒడ్డుకు తగిలి అదీ నీళ్లలోకి జారింది. హరినాథ్ అటు తిరిగి నిలబడ్డాడు.

స్వర్ణ ఈసారి నీళ్లను చూడలేదు. బంతి కింద నేలను చూసింది. అక్కడ బురద ఉందనుకుంది, చేతిలో ఉన్నది గెడ అనుకుంది. కర్ర దిగింది. బంతి లేచిన చోటుకు అవతల పచ్చిక పెళ్ల ఎగిరింది. ఆమె ఒళ్లంతా ఎడమ కాలి మీదకు తిరిగింది. కుడి మడమ పూర్తిగా గాల్లోకి లేచింది.

"పడతావు మే!"

కామాక్షయ్య తాడు దాటి పరిగెత్తుకొచ్చి కూతురి మోచేయి పట్టుకున్నాడు. బంతి ఎటు పోయిందో ఆయన చూడనే లేదు.

"వెనక కాలు వదిలేసినావే..." అన్నాడు.

"వదిలేసినా నాయనా. చూడు, పడలేదు."

గుంట అవతల పచ్చిక మీద బంతి తెల్లగా ఆగి ఉంది. హరినాథ్ కేకలు పెడుతున్నాడు, మేనేజరు చప్పట్లు కొడుతున్నాడు. కామాక్షయ్య కూతురి కాలి వంక ఇంకాసేపు చూసి, అప్పుడు ఆమె మోచేయి వదిలాడు.