లోపలి గడియ

మా ఆయన రోజూ చేసే వ్యాయామం ఒకటుంది. నేను తడిగుడ్డతో నేల తుడుచుకుంటూ వచ్చేసరికి, సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే రెండు కాళ్లూ పైకెత్తుతాడు. గుడ్డ అవతలికి పోయాక దించుతాడు. ఈలోగా ఫోనులోంచి చూపు కూడా తిప్పడు. పెళ్లయిన కొత్తలో నాకది ముద్దుగా ఉండేది. తడి తొక్కకూడదని ఎంత జాగ్రత్త పడుతున్నాడో పాపం అనుకునేదాన్ని. ఆ పొద్దున కూడా ఎత్తిన కాళ్లు ఎత్తినట్టే ఉంచి, "అయితే నిన్ను డ్రిల్లు టీచర్ని చేశారన్నమాట" అని నవ్వాడు. ముందురోజు ఆఫీసులో జరిగింది చెప్పానులెండి. సర్కారు ఉద్యోగులందరి చేతా వ్యాయామం చేయించాలని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఆఫీసులోనూ అందుకో గది ఉండాలట, వేళ ఉండాలట, చూసుకునే మనిషి ఉండాలట. మా ఆఫీసులో ఆ మనిషిని నేను. "నీకెందుకే వ్యాయామం? ఇంట్లో నువ్వు చేసే చాకిరీ ముందు జిమ్ముకెళ్లేవాళ్లు ఏపాటి" అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు. పక్కగదిలోంచి, మంచం దిగకుండానే మా అత్తగారు, "మా రోజుల్లో పనే వ్యాయామం" అంది. మరి మీ అబ్బాయికేది అత్తయ్యా వ్యాయామం అని నాలుక చివరిదాకా వచ్చింది. గుడ్డ పిండుకుని బకెట్టు తీసుకుని వెళ్లిపోయాను.

నిజం చెప్పొద్దూ, నాకు మాత్రం సంతోషంగానే ఉంది. ఇన్నేళ్ల గుమాస్తా ఉద్యోగంలో నన్ను పిలిచి "ఇది మీరు చూడండమ్మా" అన్నది అదే మొదటిసారి. అంతకుముందు ఆఫీసరుగారు నన్ను పిలిస్తే, వచ్చిన పెద్దమనిషికి పూలగుత్తి ఇవ్వడానికో, టీ కప్పులు సరిపోయాయో లేదో చూడడానికో అయ్యుండేది. అందుకని ఒళ్లు దాచుకోకుండా పనిచేశాను. ఒక్కో సీటు దగ్గరికీ వెళ్లి ఎవరికేం కావాలో అడిగాను. మగవాళ్లు పొట్ట తట్టుకుని జోకులేశారు. ఆడవాళ్లు మాత్రం చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఎక్కడ నొప్పో చెప్పారు. రిటైరు కాబోతున్న పెద్దక్కకి మోకాళ్లు. కాన్పయి మొన్ననే డ్యూటీలో చేరిన టైపిస్టు పిల్లకి నడుం. దాన్ని మేమంతా బాలింతా అనే పిలుస్తాం, పలుకుతుంది. అందరూ అడిగింది ఒకటే. "ఆఫీసు వేళలో ఒక్క అరగంట పెట్టించవే తల్లీ. పొద్దున్నా సాయంత్రం అయితే మా వల్ల కాదు." ఎందుకు కాదో నన్ను మించి ఎవరికి తెలుసు? మీటింగు హాల్లో కుర్చీలు ఓ పక్కకి జరిపి, మధ్యాహ్నం భోజనాలకి ముందు అరగంట, డాక్టరమ్మ ఒకామె వారానికోసారి వచ్చేలా మాట్లాడి, నోట్ రాసి పైకి పెట్టాను. ఇంట్లో స్టవ్ మీద గిన్నె పెట్టి, ఉడికేలోపు గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం సాధన కూడా చేశాను. నాకే నవ్వొచ్చేది.

ఆఫీసరుగారు ఆ నోట్ చదివి, తిప్పి, మళ్లీ చదివారు. ఆయన చెడ్డవాడని నేననను. గొంతెత్తడు, అమ్మా అంటాడు, కూర్చోమంటాడు. "మీటింగ్ హాలెందుకమ్మా, కొత్త కుర్చీలు. చెమట వాసన పట్టేస్తుంది. మేడ మీద చివర ఓ గది ఖాళీగా ఉందిగా" అన్నారు. అది ఖాళీ గది కాదండీ, ఆడవాళ్లు వాడుకుంటారన్నాను. "ఎక్కడ రాసుంది?" అన్నారు, ఎంతో మెత్తగా.

ఎక్కడా రాసి లేదు. కాగితాల్లో అది ఇప్పటికీ విరిగిన కుర్చీలు పడేసే గదే. ఆ విరిగిన కుర్చీలన్నీ సెలవురోజున వచ్చి మోసి, బూజులు దులిపి, కడిగింది మేము. పాత బెంచీ ఒకటి, అంచు పగిలిన అద్దం ఒకటి తెచ్చి పెట్టుకున్నాం. కిటికీకి పెద్దక్క తన పాత దుప్పటి కోసి తెర కుట్టింది. తలుపుకి లోపల్నించి గడియ లేకపోతే, వడ్రంగిని పిలిపించి వేయించుకున్నాం. ఆ భవనం మొత్తంలో ఆడది లోపల్నించి వేసుకోగల గడియ, బాత్రూముది కాక, అదొక్కటే. నిజానికి మా ఇంట్లో కూడా నాకు అలాంటిది లేదు. పడగ్గది తలుపు వేస్తే "ఏంటి, ఒంట్లో బాలేదా?" అంటారు. ఆ గదిలో భోజనం అయ్యాక పది నిమిషాలు బెంచీ మీద పడుకుని కాళ్లు గోడకి ఆనించేదాన్ని. ఎవరూ ఏమీ అడగరు. ఒకత్తి ఏడ్చుకునేది, ఒకత్తి కునుకు తీసేది, నెలసరి రోజుల్లో ఒకత్తి ముడుచుకుని పడుకునేది. బాలింత పాలు పిండుకుని సీసాలో పట్టుకునేది, సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి బిడ్డకి పట్టడానికి. ఇవన్నీ ఆఫీసరుగారికి ఎలా చెప్పను? చెప్పేందుకు నోరు తెరిచాను. "రెస్టు తీసుకోవడానికండీ" అని మాత్రం వచ్చింది. "ఆఫీసులో రెస్టేంటమ్మా" అని నవ్వేశారు. వేళ కూడా మారిపోయింది. పని గంటల్లో చేతులూ కాళ్లూ ఊపుతుంటే జనం ఏమనుకుంటారు, కాబట్టి పొద్దున్నే, ఆఫీసు తెరవకముందు.

"ఈ మార్పులన్నీ మీరే ప్రతిపాదిస్తున్నట్టు కొత్త నోట్ పెట్టండి. కింది నుంచి వస్తే బావుంటుంది" అన్నారు. మా ఆఫీసు సంగతి తెలియనివాళ్లకి ఇది కాస్త వివరించి చెప్పాలి. మా దగ్గర పైవాళ్లెవరూ ఏదీ నిర్ణయించరు. ఏ మాటయినా గుమాస్తా కలంలోంచే పుట్టాలి. పైవాళ్లు నోటితో చెప్తారు, మేం మా బుర్రలోంచి వచ్చినట్టు రాస్తాం, వాళ్లు ఎంతో ఆలోచించి ఒప్పుకున్నట్టు సంతకం పెడతారు. రేపు ఏదన్నా తేడా వస్తే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం. దానికి గుమాస్తాకి ఉన్న అడ్డు ఒకే ఒక్క ముక్క: "ఆఫీసరుగారి మౌఖిక ఆదేశం మేరకు". అంటే ఇది నా మాట కాదు, నోటితో చెప్తే రాస్తున్నానని. ఆ ముక్కతోనే మొదలుపెట్టి రాశాను. మా సెక్షన్ పెద్దాయన చదివాడు. ఎవరేం రాసినా ఓ కామా చేర్చి పైకి పంపడం ఆయన పని, అందుకే చాటున ఆయన్ని కామాగారు అంటాం. ఆ రోజు కామా పెట్టలేదు. పెన్సిలుతో ఆ ముక్క చుట్టూ సున్నా చుట్టి, "ఎందుకమ్మా కొరివితో తల గోక్కోవడం? ఈ మాట రాసినవాళ్లెవరూ బాగుపడింది నేను చూడలేదు. ప్రమోషన్ లిస్టు కూడా వస్తోంది" అన్నాడు. ఒక్క ముక్కే కదా అనుకున్నాను. పోట్లాడి ఆపగలనా? ఆపలేను. ఎలాగూ పోయే గదికి నా ప్రమోషన్ కూడా పోగొట్టుకోవడమెందుకని లెక్కేసుకున్నాను. తీసేసి రాసిచ్చాను. చెయ్యి నాది, అక్షరం నాది, సంతకం నాది.

గది ఖాళీ చేయించింది కూడా నేనే, చూసుకునే మనిషిని కదా. బెంచీ బయటికి పోయింది. తెర తీసేశారు, గాలి ఆడాలట. వడ్రంగి గడియ ఊడదీశాడు. లోపల ఎవరైనా బరువులెత్తుతూ పడిపోతే తలుపు తెరుచుకోవాలి కదా అన్నారు ఆఫీసరుగారు, కాదనడానికేముంది. ఊడిన గడియ ఎక్కడ పడేయమంటారని అడిగితే చెయ్యి చాపాను. అది అప్పట్నించీ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ప్రారంభం రోజున ఆఫీసరుగారు రిబ్బను కత్తిరించి, "ఈ ఆలోచనంతా మన మేడమ్‌ది, గది కూడా ఆవిడే చూపించారు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ల వరసలో ఎవరు కొట్టారో చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు.

తర్వాత రోజూ పొద్దున్నే ఓ నలుగురు మగవాళ్లు వచ్చేవారు. ఆడవాళ్లు ఒక్కరూ రాలేదు. ఆ వేళకి మా చేతులు స్టవ్ దగ్గరుంటాయి. నేను మాత్రం తలుపు తియ్యాలి కాబట్టి వెళ్లేదాన్ని. అందుకోసం చీకటితోనే లేచి వంట ముగించి, వాళ్లకి చాపలు పరిచి, నీళ్లు పెట్టి, అయ్యాక చాపలు చుట్టి, నా సీటుకి వెళ్లేదాన్ని. వ్యాయామం ఒక్కరోజూ చెయ్యలేదు. ఆఫీసరుగారు ఓసారి తొంగిచూసి, "చూశారా, ఇంత సౌకర్యం కల్పిస్తే లేడీస్ ఒక్కరూ రారు. వాళ్లకే శ్రద్ధ లేకపోతే మనమేం చేస్తాం" అన్నారు. ఒళ్లు మండిపోయింది. అవునండీ అన్నాను. అవునండీ అన్న నా నోటి మీద నాకే అసహ్యమేసింది.

మధ్యాహ్నాలు ఆ గదిలోకి మేం వెళ్లకూడదని ఎవరూ అనలేదు. కానీ ఏ క్షణాన ఏ మగవాడు బరువు చూసుకునే మిషను కోసం తలుపు తోసుకొస్తాడో. అందుకని బాలింత పాత ఫైళ్ల గదిలో రెండు బీరువాల సందులోకి వెళ్లేది. నేను సందు మొదట్లో అటు తిరిగి నిలబడేదాన్ని. నా వీపే దానికి తలుపు. దుమ్ముకి అది తుమ్మేది, తుమ్మినప్పుడల్లా ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం. ఒకరోజు వెనకనించి అడిగింది. "అక్కా, ఆ గది ఇమ్మని నువ్వే రాశావటగా?"

ఎవరు చెప్పారన్నాను. "ఫైలు చూశానక్కా. నీ చేతిరాత నాకు తెలీదా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బావుండేది. ఆఫీసరుగారు చెప్తే రాశానే అన్నాను. "అలా రాసి లేదే" అంది. ఆఫీసరుగారు "ఎక్కడ రాసుంది" అన్నప్పుడు ఎంత మెత్తగా అన్నారో, ఈ పిల్ల కూడా అంతే మెత్తగా అంది. కాస్సేపటికి, "పాలు తగ్గిపోతున్నాయక్కా. భయంతో పడట్లేదు. డబ్బా పాలు పట్టేయమంటోంది మా అత్త" అంది. నేను తిరిగి చూడలేదు, చూడకూడదు కదా. బీరువా తలుపు మీది తుప్పుని గోటితో గీకుతూ నిలబడ్డాను. జరిగినదాన్ని సరిచేసే దారేదన్నా ఉందా అని వెతికాను. గడియ మళ్లీ పెట్టించమని నోట్ పెట్టాను. గది మీరే చూపించి, ఇప్పుడు మీరే గడియ కావాలంటే ఎలా అమ్మా అని వెనక్కొచ్చింది. నా పాత నోట్‌నే దానికి జతచేసి పంపారు. నెల తిరక్కుండానే బాలింత జీతం లేని సెలవు పెట్టి వెళ్లిపోయింది. వెళ్తూ నాకు చెప్పే వెళ్లింది, బాగానే మాట్లాడింది.

ఆ వారమే ప్రమోషన్ లిస్టు వచ్చింది. నా పేరుంది. వేరే ఊళ్లో పోస్టింగు, బస్సులో రెండు గంటలు. పోయినసారి కూడా ఇలాగే వచ్చింది. అప్పుడు మా ఆయన, "నీ ఇష్టం, నేనేం బలవంతం చెయ్యను. అమ్మని ఎవరు చూస్తారో, వంట ఎవరు చేస్తారో నువ్వే ఆలోచించుకో" అన్నాడు. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నేనే ఆలోచించుకుని, సొంత కారణాల వల్ల అక్కర్లేదని రాసిచ్చాను. ఆ తర్వాత చుట్టాలొచ్చినప్పుడల్లా మా అత్తగారు, "మా కోడలికి ఇల్లే ప్రాణం. మేం వెళ్లమనే అన్నాం, తనే వద్దంది" అనేది. చుట్టాలు నా వంక మెచ్చుకోలుగా చూసేవారు. నేనూ నవ్వేదాన్ని. ఎన్నిసార్లు నవ్వానంటే, కొన్నాళ్లకి నిజంగా నేనే వద్దన్నానేమో అనిపించేది. ఇప్పుడు బీరువాల సందులో నిలబడి తుప్పు గీకాక తెలిసింది, నా కాపరం కూడా మా ఆఫీసు పద్ధతిలోనే నడుస్తోందని. ఇక్కడా అన్నీ కింది నుంచే వెళ్తాయి.

ఆదివారం పొద్దున నేల తుడుస్తుంటే మా ఆయన కాళ్లెత్తి సోఫా మీద పెట్టుకుని, "రేపే కదా ఆఖరు తేదీ? పోయినసారిలాగే రాసిచ్చెయ్. సొంత కారణాల వల్ల అని చాలు" అన్నాడు. వెళ్లనండీ అని నేనింకా అననే లేదు. వెళ్తానని అనలేనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అత్తగారి మందులు, వంట, నా భయం, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చేతులు తుడుచుకుని కాగితం తెచ్చుకుని, ఆయనెదురుగానే బల్ల మీద పెట్టుకుని రాశాను. "ఆలోచించుకునే రాస్తున్నావుగా, తర్వాత నన్ననకు" అన్నాడు. ఫ్యాను గాలికి కాగితం ఎగురుతుంటే బ్యాగులోంచి గడియ తీసి బరువు పెట్టాను. సంతకం అయ్యాక, ఓసారి చదవండి అని చేతికిచ్చాను.

నా భర్త మౌఖిక ఆదేశం మేరకు ఈ ప్రమోషన్ నాకు అక్కర్లేదని మనవి చేసుకుంటున్నాను. ఆ ఒక్క వాక్యమే ఉంది.

మా ఆయన రెండుసార్లు చదివాడు. ఎత్తిన కాళ్లు ఎప్పుడు దించాడో ఆయనకే తెలీదు, తడి నేల మీద పాదాల అచ్చులు పడ్డాయి. "ఇదేంటి? ఇలా ఎవరైనా రాస్తారా?" అన్నాడు.

"మా ఆఫీసులో రాస్తామండీ," అన్నాను. "చింపేస్తే చింపేయండి. మళ్లీ ఇదే రాస్తాను."