తాగని నీళ్లు

నేను ఒక స్టీలు నీళ్ల సీసాను. ఎక్కడో కర్మాగారంలో రేకుగా సాగి, నునుపు తేలి అంగట్లోకి వచ్చాను. నన్ను మొదట కొన్నది ఒక బ్యాంకు గుమాస్తా. బయటి నీళ్లు ముట్టని మనిషి. రోడ్డు పక్క మిరపకాయ బజ్జీల విషయంలో మాత్రం ఆ పట్టింపు లేదు. ఒకనాడు నన్ను బస్సులో మరిచి దిగిపోయాడు. కండక్టరు ఖాసింబీ దాచిపెట్టింది. ఎవరూ అడగకపోయేసరికి తనే ఉంచుకుంది.

పొద్దున్నే నన్ను నిండుగా నింపేది. గుంతల రోడ్డు మీద నా కడుపులో నీళ్లు ఒక్క క్షణం కుదురుగా ఉండేవి కావు. సాయంత్రానికి దాదాపు అన్నీ తిరిగి ఇంటికొచ్చేవి. నోరు పిడచకట్టుకుపోతున్నా ఆమె పెదవి తడుపుకొని మూత బిగించేసేది. తాగితే ఒంటికి పోవడానికి మధ్యలో దిగాలి. ఆ పల్లెల దారిలో ఆడమనిషి దిగే చోటు లేదు.

మూత్రంలో మంట మొదలైంది. మందుల షాపు సుబ్బరత్నాన్ని అడిగి గోళీలు తెచ్చుకుంది. మంట తగ్గగానే మిగిలినవి సంచిలో దాచింది. మళ్లీ వస్తే అవే మింగింది. అవి పని చేయకపోతే, "ఇంకొంచెం గట్టియి ఇయ్యన్నా" అంది. అతను ఇచ్చాడు. నన్ను మాత్రం ఆ గోళీ గొంతు దిగేంత వరకే వంచేది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం టిక్కెట్లు కొడుతూనే చలితో వణికిపోయింది. నడుము పట్టేసి సీట్లోకి ఒరిగింది. డ్రైవరు పిచ్చయ్య బస్సును తిన్నగా ఆసుపత్రి ముందుకు తోలాడు.

మూత్రం పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక డాక్టరు ప్రమీల మంచం పక్కన కూర్చుంది.

"నువ్వు మింగిన గోళీలేవీ ఇప్పుడు పని చేయవు ఖాసింబీ. జబ్బు మూత్రపిండాలకు పాకింది. ఇంజెక్షన్లే దిక్కు."

"నా ఒళ్లు మందులకు అలవాటు పడిందామ్మా?"

"నీ ఒళ్లు కాదు, లోపలున్న క్రిములు. తోచినప్పుడల్లా అరకొరగా మందేస్తే లొంగేవి చస్తాయి, మొండివి మిగిలి పెరుగుతాయి. నీలో ఇప్పుడున్నవి ఆ మొండివే. అసలు నీళ్లెందుకు తాగవు?"

"తాగితే దిగాల. దిగి యాడికి పోయేదమ్మా?"

"బస్సు ఆపమని డ్రైవరుకు చెప్పు."

"మగాయనతో ఎట్టా చెప్పేది?"

ఆ మందైనా పని చేస్తుందో లేదోనని ఆమెకు కునుకు పట్టేది కాదు. నన్ను ఎత్తేది, దించేది, అటు పెట్టేది, ఇటు పెట్టేది. చివరికి జ్వరం దిగింది. మళ్లీ రాదని మాత్రం డాక్టరు మాట ఇవ్వలేదు.

తిరిగి డ్యూటీకి వచ్చిన రోజు దారి పొడుగునా తాగుతూనే ఉంది. సగం దూరం వెళ్లాక డ్రైవరు సీటు దగ్గరకు నడిచి, తల ఎత్తకుండా అంది:

"పిచ్చయ్యన్నా, ఆ పాల కేంద్రం కాడ కాసేపు ఆపాల. లోపల మరుగుదొడ్డి ఉంది. వాళ్లని అడిగే వచ్చినా."

పిచ్చయ్య పాల కేంద్రం ముందు బస్సు ఆపాడు.

"ఈడ స్టాపు లేదు గదా?" అని వెనక సీట్లో ఎవరో గొణిగారు. ఖాసింబీ నన్ను సీటు మీద పెట్టి దిగింది.

ముందు సీట్లో ముసలావిడ చెప్పులు వెతుక్కుంటూ లేచింది. తర్వాత ఒళ్లో గంప పెట్టుకున్నామె, ఆ వెనక కాలేజీ అమ్మాయిలిద్దరు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. పాల కేంద్రం గోడ పక్కన వరస కట్టి నిలబడ్డారు.